మిర్చి శాంపిళ్లతో దుబాయ్‌లో ఆరు రోజులు

బయల్దేరే ముందు, వరంగల్

మూడేళ్ల కింద దుబాయ్‌లో ఉన్న ఒక వ్యాపారికి ఒక లోడు మిర్చి పంపాను. పరిచయం ఫోన్‌లోనే, బేరం ఫోన్‌లోనే. సగం డబ్బు ముందే వచ్చింది కదా అని ధైర్యం చేశాను. మిగతా సగం ఈ రోజుకీ రాలేదు. మొదట ‘వచ్చే వారం’ అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి ఆ నంబరే పనిచేయలేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మీద తెచ్చిన అప్పుకి వడ్డీ మాత్రం నెలనెలా నేనే కట్టాను.

అందుకే ఈసారి కొత్త పంట రాకముందే నేనే వెళ్లాలనుకున్నాను. కొనేవాళ్లను, వాళ్ల దుకాణాలను, గోదాములను కళ్లారా చూడకుండా ఒక్క బస్తా కూడా పంపకూడదని గట్టిగా అనుకున్నాను. ఎనుమాముల మార్కెట్‌లో కొత్త కాయ జనవరి తర్వాత జోరందుకుంటుంది. అప్పుడు మాకు ఊపిరాడదు. నవంబరులో మాకు తీరిక ఉంటుంది, దుబాయ్‌లో ఎండ కూడా తగ్గుతుంది. వ్యాపారం పని మీద వెళ్లేవాళ్లకు నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం, మధ్యలో రంజాన్ నెల పడితే మాత్రం దాన్ని తప్పించి పెట్టుకోవాలి. ఆ నెలలో పని వేళలు తగ్గుతాయి, బేరాలు నెమ్మదిగా సాగుతాయి.

శాంపిళ్లు రెండు రకాలు తీసుకున్నాను. ఒకటి చపాటా. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి. పొట్టిగా, లావుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. రెండోది తేజ. సన్నగా ఉంటుంది, ఘాటు నషాళానికి అంటుతుంది.

మా ఆవిడ చాటలో పోసి మంచి ఎర్రటి కాయలన్నీ ఏరి, తొడిమలు సరిచేసి, రంగు పోయిన తాలు కాయ ఒక్కటి కూడా లేకుండా ప్యాకెట్లు నింపింది. చూస్తే పెళ్లికి ముస్తాబు చేసినట్టే ఉన్నాయి. నేను అవన్నీ మళ్లీ పక్కన పోయించాను. మార్కెట్‌లో ఖరీదుదారు బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి కాయ తీస్తాడు. మనం కూడా అలాగే తీయాలి. పైనుంచి కొంత, నడుమ నుంచి కొంత, అడుగు నుంచి కొంత. రేపు పంపే సరుకులో ఎంత తాలు ఉంటుందో ప్యాకెట్‌లో కూడా అంత ఉండాలి. ప్రతి ప్యాకెట్ మీద రకం, పంట సంవత్సరం, తేమ శాతం రాసి అంటించాను. ‘ఇవి అమ్మకానికి కాదు, నమూనాలు మాత్రమే’ అని మా లెటర్‌హెడ్ మీద ఒక కాగితం రాసి సంతకం పెట్టి పైన పెట్టాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జగిత్యాల దగ్గర మా అత్తగారి ఊరు. మా బావమరిది ఆరేళ్లుగా దుబాయ్‌లో డెలివరీ వ్యాన్ నడుపుతున్నాడు. వాడి కోసం మా ఆవిడ కోడికూర మసాలా దంచి సీసాలో పెట్టింది. ఏమేమి వేశావని అడిగితే ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు అంది. ఆ సీసా ఇంట్లోనే ఉంచేశాం. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ (యూఏఈ) దేశంలో గసగసాలు నిషేధం. మనకు వంటింటి సరుకు, అక్కడి చట్టానికి మత్తుపదార్థం. పొడిలో కలిసి ఉన్నా, చిటికెడే ఉన్నా తీసుకెళ్లొద్దు. మందుల సంగతీ అంతే. ట్రామడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు మన దగ్గర మామూలుగా వాడతారు, అక్కడ వాటి మీద గట్టి నియంత్రణ ఉంది. మీరు వాడే మందుల పేర్లు డాక్టరుకు చూపించి, అనుమతి కావాలా అని ముందే కనుక్కోండి. నా బీపీ మాత్రల్ని చీటీతో సహా వాటి అసలు డబ్బాలోనే పెట్టుకున్నాను.

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. వీసా, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ మూడూ ఫోన్‌లో ఉంటే సరిపోదు, కాగితాల మీద కూడా ఉంచుకోండి. ఎగుమతి కోడ్, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ల్యాబ్ రిపోర్టు జిరాక్సులు ఐదేసి తీసుకున్నాను. నగదు కొద్దిగా, మిగతాదంతా ఫారెక్స్ కార్డులో.

మొదటి రోజు, గురువారం

బుధవారం రాత్రి పదికి హన్మకొండలో కారెక్కి జనగామ మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరాను. విమానంలో నా వరసలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లూ జగిత్యాల వైపు వాళ్లే. ఒకడికి అదే మొదటిసారి. సీటు బెల్టు పెట్టుకోవడం చూపించాను. కిటికీ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, “అన్నా, బయట మా కంపెనీ మనిషి ఉంటడంటవా?” అని అడిగాడు. వాడి కంపెనీ బోర్డు పట్టుకున్న మనిషి కనిపించేదాకా నేనూ అక్కడే నిలబడ్డాను.

దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. పొద్దున్నే దిగితే రోజంతా చేతిలో ఉంటుంది. కస్టమ్స్ దగ్గర నా సంచి స్కానర్‌లో చూసి పక్కకు పిలిచారు. మిర్చి ప్యాకెట్లు, పైనున్న కాగితం చూపించాను. అధికారి ఒక ప్యాకెట్ వాసన చూసి, తుమ్మి, వెళ్లమని చెయ్యి ఊపాడు.

బయటికి వచ్చి బావమరిదికి వాట్సాప్ కాల్ చేస్తే కలవలేదు. మూడుసార్లు ప్రయత్నించాను, టెన్షన్ మొదలైంది. తర్వాత తెలిసింది, అక్కడ వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి కానీ కాల్స్ పనిచేయవు. బోటిమ్ అనే యాప్ వాడతారు. ఇంట్లోవాళ్ల ఫోన్లలో కూడా ముందే అది వేయించి, ఒకసారి మాట్లాడి చూసుకుని బయల్దేరండి. వీపీఎన్ పెట్టుకుంటే కలుస్తుందని ఎవరైనా చెబుతారు, వినొద్దు. చట్టంతో చిక్కు ఎందుకు? నేను ఎయిర్‌పోర్టులోనే లోకల్ సిమ్ తీసుకున్నాను. వ్యాపారం మాట్లాడేవాళ్లకు అక్కడి నంబరు ఇస్తే మనం ఊళ్లో ఉన్నామని వాళ్లకూ నమ్మకం.

మెట్రోకి నోల్ కార్డు కావాలి. వెండి రంగు కార్డు 25 దిర్హామ్‌లు, అందులో 19 ప్రయాణానికి మిగులుతాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి రెడ్ లైన్‌లో యూనియన్ స్టేషన్ దాకా, అక్కడ గ్రీన్ లైన్‌కి మారి బనియాస్ స్క్వేర్. ఆడవాళ్ల పెట్టెలో మగవాళ్లు ఎక్కితే జరిమానా. నేల మీద గులాబీ గీత ఉంటుంది, చూసుకుని నిలబడాలి. బండిలో నీళ్లు తాగినా జరిమానానే. టాక్సీ ఎక్కితే ఎయిర్‌పోర్టులో మీటరు 25 దిర్హామ్‌ల దగ్గరే మొదలవుతుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే అదే నయం.

హోటల్ మసాలా బజారు ఉన్న దేరా ప్రాంతంలో తీసుకున్నాను. మసాలా దినుసుల పని ఉన్నవాళ్లు పెద్ద భవనాలున్న చోట దిగితే రోజూ రెండు గంటలు దారిలోనే పోతాయి. గది అద్దె మీద రాత్రికి 7 నుంచి 20 దిర్హామ్‌ల దాకా టూరిజం దిర్హామ్ అని వేరుగా కట్టాలి, హోటల్ స్థాయిని బట్టి. ఆన్‌లైన్‌లో కట్టేశాం కదా అని అక్కడ వాదించొద్దు. ప్లగ్గులు ఇంగ్లండ్ రకం, మూడు చదరపు కాళ్లవి. అడాప్టర్ ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

స్నానం చేసి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మసాలా బజారుకు వెళ్లాను. అల్ రాస్ స్టేషన్ దిగితే నడక దూరమే. చాలా షట్టర్లు దించి ఉన్నాయి. మధ్యాహ్నం మూసేసి నాలుగు తర్వాత తెరుస్తారు, రాత్రి దాకా ఉంటారు. ఆ సంగతి తెలియక ఎండలో ఒక గంట తిరిగాను.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. ముందు వరసలో కనిపించేవన్నీ చిల్లర దుకాణాలు. కుంకుమపువ్వు, సాంబ్రాణి, ఎండు గులాబీ మొగ్గలు, యాత్రికులతో కిటకిట. అసలు టోకు వ్యాపారం వెనకాల అల్ రాస్ సందుల్లో ఉంది. చిన్న గది, ఒక బల్ల, గోడకు ఆనించి పది బస్తాలు, బయట చేతిబండ్లు. చూడటానికి మన బీట్ బజార్‌లోని పాత దుకాణం లాగే. మలక్‌పేట మార్కెట్‌లో పాత ఖరీదుదారు ఒకాయన ఇచ్చిన చిరునామా పట్టుకుని వెళ్లాను. లోపల డెబ్బై ఏళ్లు దాటిన ఇరానీ పెద్దాయన. హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. కహ్వా అనే అరబ్ కాఫీ పోశారు, ఖర్జూరాలు పెట్టారు. చిన్న గిన్నె ఖాళీ అయిన కొద్దీ పోస్తూనే ఉంటారు. చాలు అనుకుంటే గిన్నెను కొద్దిగా అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. తీసుకున్నా, ఇచ్చినా కుడిచేత్తోనే.

గంటసేపు వరంగల్ గురించి, వానల గురించి, నా పిల్లల చదువు గురించి అడిగాడు. నేను సంచి జిప్పు తీయబోతే, “రేపు జుమ్మా. ఎల్లుండి పొద్దున రా, కాయ పగటి వెలుగులో చూడాలి” అన్నాడు.

రెండో రోజు, శుక్రవారం

నేను చేసిన పొరపాటు ఇదే, మీరు చేయకండి. గురువారం దిగకూడదు. 2022 నుంచి అక్కడ ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం సగం రోజు, శని ఆదివారాలు సెలవు. పక్కనే ఉన్న షార్జాలో శుక్రవారం కూడా సెలవే. బజారు శనివారం నడుస్తుంది కానీ ఆఫీసు పని, కాగితం పని ఏదీ జరగదు. ఆదివారం రాత్రి దిగితే సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు నిండు రోజులు దొరుకుతాయి.

పొద్దున ఒక షిప్పింగ్ ఏజెంటును కలిశాను. భారత్, ఎమిరేట్స్ మధ్య సెపా అనే వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద సుంకం రాయితీ కోరాలంటే సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ సరుకుతో రావాలి. దాని మీద రాసిన పేరు, బరువు, ఇన్‌వాయిస్‌లో ఉన్నవాటితో అక్షరం పొల్లు పోకుండా కలవాలని మూడుసార్లు చెప్పాడు. మన దగ్గర ఒకచోట ‘డ్రై చిల్లీ’ అని, ఇంకోచోట ‘రెడ్ చిల్లీ హోల్’ అని రాసే అలవాటు ఉంది. అలాంటి చిన్న తేడాతోనే సరుకు ఓడరేవులో ఆగిపోతుందట.

సాయంత్రం క్రీక్ అనే సముద్రపు పాయ దాటి అవతలి ఒడ్డున బర్ దుబాయ్ వెళ్లాను. అబ్రా అనే చెక్కపడవకు ఒక్క దిర్హామ్. ఒడ్డున ధో అనే పెద్ద చెక్క ఓడలు వరసగా కట్టేసి ఉన్నాయి, వాటిలోకి బస్తాలు, టైర్లు, ఫ్రిజ్‌లు ఎక్కిస్తున్నారు. దుబాయ్ కొన్నదంతా దుబాయ్ తినదు, చుట్టుపక్కల దేశాలకు మళ్లీ పంపుతుంది. మన మిర్చి ధర అక్కడ ఎందుకు అలా కదులుతుందో ఆ ఒడ్డున నిలబడితే అర్థమవుతుంది. కరామాలో తెలుగు భోజనం దొరికింది. పచ్చిపులుసు లేదు, పప్పు ఉంది.

మూడో రోజు, శనివారం

పొద్దున తొమ్మిదింటికి పెద్దాయన దుకాణం. బల్లను గుమ్మం దగ్గరికి, వెలుగులోకి జరిపించాడు. చపాటా ప్యాకెట్‌ను మొత్తం ఒక తెల్ల కాగితం మీద గుమ్మరించాడు. ముందు ఏమీ ముట్టుకోలేదు, ఊరికే చూశాడు. తర్వాత వేలితో తాలు కాయల్ని ఒక పక్కకు నెట్టాడు, విరిగినవాటిని ఇంకో పక్కకు. లెక్కపెట్టాడు. ఒక కాయ తీసి తొడిమ దగ్గర విరిచాడు. టప్ మని శబ్దం వచ్చింది. ఆ శబ్దం కోసమే విరుస్తారు, తేమ ఉంటే కాయ విరగదు, వంగుతుంది. గింజలు దులిపి, తోలు ముక్కను కాగితం అంచు మీద ఒక నీటి చుక్క వేసి రుద్దాడు. లోపలి నుంచి ముదురు ఎరుపు నెమ్మదిగా దిగింది. రుద్దగానే భగ్గుమని రంగు వస్తే అనుమానించాలన్నాడు. సుడాన్ రంగు కలిపిన పొడి వల్ల లోకంలో చాలామంది దెబ్బతిన్నారు, అందుకే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పరీక్షతో పాటు ఆ పరీక్ష రిపోర్టు కూడా ఉందా అని అడిగాడు. ఉంది, ఇచ్చాను.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇంకా చెవిలో ఉంది. “ఈ తాలు కాయలు నువ్వు ఎందుకు ఏరేయలేదు?”

“బస్తాలో ఇంతే ఉంటాయి కాబట్టి” అన్నాను.

ఆయన తన సొరుగు తీసి ఆరేడు శాంపిల్ ప్యాకెట్లు బయట పెట్టాడు. అన్నీ నిగనిగలాడే కాయలే. ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పలేదు, నేనూ అడగలేదు. “వీటి సరుకు వచ్చినప్పుడు వీటిలా లేదు” అని మళ్లీ సొరుగులో పెట్టాడు. ఇంట్లో ఆ ప్యాకెట్లు మళ్లీ పోయించినప్పుడు మా ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్న సంగతి గుర్తొచ్చింది.

ధర మాట్లాడలేదు. తేజ వాళ్లకు చాలామంది ఇస్తారు, చపాటా మాత్రం కావాలన్నాడు. రంగు కోసం, కారం తక్కువ తినే వంటల కోసం. ఎన్ని బస్తాలు ఇదే కాయ ఇవ్వగలవు అని అడిగాడు. పంట చూడకుండా పెద్ద అంకె చెప్పలేనన్నాను. ఇలాంటప్పుడు ఆశపడి నోటికొచ్చిన అంకె చెప్పేస్తాం. చెప్పొద్దు. వాళ్లు ఆ అంకె రాసుకుంటారు, ఏడాది తర్వాత కూడా గుర్తు చేస్తారు.

నాలుగో రోజు, ఆదివారం

మెట్రో ఆదివారం ఎనిమిదింటికి గానీ మొదలవదు. ఏడింటికి వెళ్లి గేటు ముందు కూర్చున్నాను. బావమరిదికి ఆదివారం సెలవు. మెట్రో దిగి, బస్సెక్కి కార్మికుల గదులుండే సోనాపూర్ వెళ్లాను.

వాళ్ల గదిలో ఆరుగురు. ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి. ఇద్దరు జగిత్యాల, ఒకడు సిరిసిల్ల, ఒకడు నిజామాబాద్, మిగతా ఇద్దరు బీహార్. వంతుల వారీగా వండుకుంటారు. ఆ రోజు సిరిసిల్ల అబ్బాయి వంతు. అన్నం, పప్పుచారు, కోడికూర. మంచం కింద రేకుపెట్టె మీద పాత పేపరు పరిచి నాకు మాత్రం స్టీలు కంచం పెట్టారు. “బావా, అక్క మసాలా పంపలేదా?” అన్నాడు బావమరిది. గసగసాల సంగతి చెబితే అందరూ తలలూపారు. ఊరి నుంచి అలాంటి పొట్లం తెచ్చుకుని ఇబ్బంది పడ్డవాళ్ల కథలు వాళ్లకు చాలా తెలుసు.

అన్నం తిన్నాక నేను కలవబోయే రెండో వ్యాపారి సంగతి చెప్పాను. ఇండియాలో ఉన్నప్పుడే నాకు మెసేజ్ చేసిన మనిషి. పెద్దాయన చెప్పబోయే ధర కంటే చాలా ఎక్కువ ఇస్తానన్నాడు, ఒకేసారి రెండు కంటైనర్లు కావాలన్నాడు. కార్డు చూపించాను. బావమరిది చిరునామా చదివి తల గోక్కున్నాడు.

“బావా, గా బిల్డింగుల గోదాములు ఉండవు. అన్నీ చిన్న చిన్న ఆఫీసులే. నేను వారానికి రెండుసార్లు పోత గక్కడికి. మిర్చి దించింది ఎన్నడు సూడలే.”

సిరిసిల్ల అబ్బాయి అందుకున్నాడు. “బోర్డు సూడకు అన్నా. పొద్దుగాల ఆరింటికి గోదాము ముంగట బండ్లు ఎన్ని ఆగినయో సూడు.”

దుబాయ్‌కి వ్యాపారం మీద వెళ్లే మనవాళ్లు చాలామంది ఈ గదుల వైపు రారు. చుట్టం ఉన్నా ఫోన్‌లో పలకరించి వెళ్లిపోతారు. ఊళ్లో ఏ గోదాము నడుస్తోంది, ఏది మూతపడింది, ఎవరు జీతాలు ఆపారు, ఎవరి సరుకు రెండు నెలలుగా దిగలేదు, అన్నీ బండ్లు నడిపేవాళ్లకు, బస్తాలు మోసేవాళ్లకు తెలుసు. జీతాలు ఇవ్వనివాడు సరుకు డబ్బు ఇస్తాడా? నేను ఆ మధ్యాహ్నం అక్కడ నేర్చుకున్నది ఏ ఆఫీసులో కూర్చున్నా తెలిసేది కాదు.

ఐదో రోజు, సోమవారం

పొద్దున హోటల్‌లో కూర్చుని ముందు కంప్యూటర్ పని చేశాను. అక్కడ ప్రతి కంపెనీకీ ట్రేడ్ లైసెన్స్ ఉంటుంది. దాని నంబరు అడిగితే ఇవ్వాలి, ఇవ్వకపోతే అక్కడే లేచి రావాలి. ఆ నంబరు ప్రభుత్వ సైట్లో కొట్టి చూస్తే లైసెన్స్ ఎవరి పేరున ఉంది, ఏ వ్యాపారానికి, గడువు ఎప్పటిదాకా అన్నవి తెలుస్తాయి. అమ్మకపు పన్ను, అంటే వ్యాట్, 2018 జనవరి నుంచి 5 శాతం ఉంది. దానికి రిజిస్టర్ అయినవాళ్లకు 15 అంకెల నంబరు ఉంటుంది. అదీ పన్ను శాఖ సైట్లో చూసుకోవచ్చు. రెండో వ్యాపారి లైసెన్స్ నిజమైనదే. కానీ ఏడాది కూడా నిండలేదు.

పదకొండింటికి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. బావమరిది చెప్పినట్టే పది, పదిహేను కంపెనీలు పంచుకునే అంతస్తు. ఒక్కో కంపెనీకి ఒక బల్ల. అలా నడపడం అక్కడ చట్టబద్ధమే, చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు వెసులుబాటు కూడా. మనిషి మర్యాదగా మాట్లాడాడు, మంచి టీ ఇచ్చాడు. నా శాంపిల్ తెరిచాడు కానీ ఒక్క కాయ కూడా విరవలేదు. “క్వాలిటీ ఓకే” అని మూసేశాడు. ఆ క్షణమే నా మనసు చెప్పేసింది. మిర్చి కొనేవాడు కాయ విరవకుండా ఉండలేడు.

డబ్బు సంగతి వచ్చింది. 90 రోజుల తర్వాతి తేదీతో చెక్కు ఇస్తానన్నాడు. దుబాయ్‌లో చెక్కు బౌన్స్ అయితే జైలే, భయం లేదు అని మన మార్కెట్‌లో ఇప్పటికీ అంటారు. అది పాత మాట. 2022 జనవరి నుంచి చట్టం మారింది. ఖాతాలో డబ్బు లేక బౌన్స్ అయిన చెక్కు ఇప్పుడు ఎక్కువగా సివిల్ వ్యవహారం. ఖాతాలో ఉన్నంత ఇచ్చి, మిగతాదానికి కోర్టు ద్వారా వసూలు చేసుకోవాలి. వరంగల్‌లో కూర్చుని దుబాయ్ కోర్టు చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతాం?

నేను రెండే మాటలు చెప్పాను. డాక్యుమెంట్లు బ్యాంకు ద్వారానే పంపుతాను, డబ్బు కడితేనే బ్యాంకు బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు విడిపించుకునే ఓడ కాగితం, మీ చేతికి ఇస్తుంది. దాంతోపాటు ఎగుమతుల డబ్బుకు బీమా ఇచ్చే మన ఈసీజీసీ సంస్థలో మీ పేరు మీద కవర్ అడుగుతాను. రెండింటికీ ఆయన ఒప్పుకోలేదు. ‘ఇక్కడ అలా ఎవరూ చేయరు’ అన్నాడు. నమస్కారం పెట్టి లేచాను. లిఫ్టులో నా చేతులు కొద్దిగా వణికాయి. రెండు కంటైనర్ల బేరం వదులుకోవడం మాటలు కాదు, మూడేళ్ల కింది అప్పు ఇంకా తీరలేదు.

సాయంత్రం బుర్జ్ ఖలీఫా చూశాను. 828 మీటర్లు. కింద నుంచే చూశాను.

ఆరో రోజు, మంగళవారం

తెల్లవారుజామున ఆరింటికి పెద్దాయన గోదాము ముందుకు వెళ్లాను, ఆయనకు చెప్పకుండానే. మూడు లారీలు ఆగి ఉన్నాయి. ధనియాలు, పసుపు దించుతున్నారు. ఒక హమాలీని కదిలిస్తే కేరళ మనిషి, పదకొండేళ్లుగా ఇక్కడే పని అన్నాడు. జీతం ఎలా ఇస్తారని అడిగితే, “నెల తప్పదు” అన్నాడు.

తొమ్మిదింటికి దుకాణంలో ధర మాట్లాడుకున్నాం. నిన్నటి ఆయన చెప్పినదానికంటే తక్కువ. కానీ సగం ముందు, సగం బ్యాంకు ద్వారా. మొదట చిన్న లాటు, 50 బస్తాల చపాటా మాత్రమే. అది నచ్చితే ఫిబ్రవరిలో పెద్దది. నేను తెచ్చిన కాయనే రెండు ప్యాకెట్లుగా చేసి, నోళ్లు కట్టి, లక్క వేసి, వాటి మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఒకటి ఆయన సొరుగులోకి, ఒకటి నా సంచిలోకి. రేపు తేడా వస్తే ఈ ప్యాకెట్ పక్కన పెట్టి చూసుకుందాం అన్నాడు. ఎగుమతి చేసే మనవాళ్లందరూ ఈ పని చేయించుకోవాలి. ఖర్చు లేదు, మాటల మీద తగాదా ఉండదు.

ఎయిర్‌పోర్టుకు బావమరిది వ్యాన్‌లోనే దింపాడు. ఒక సంచి ఇచ్చి, “అమ్మకు ఇయ్యి బావా” అన్నాడు. నేను అడగకముందే వాడే జిప్పు తీసి ఒక్కొక్కటే చూపించాడు. ఒక కంబళి, రెండు కిలోల ఖర్జూరాలు, టైగర్ బామ్ సీసాలు, టాంగ్ డబ్బా, చిన్న టార్చి. సొంతవాళ్లయినా సరే, మూసి ఉన్న పొట్లం తీసుకుని విమానం ఎక్కొద్దు. వాడు కోపగించుకోకుండా తెరిచి చూపించాడంటే ఆ దేశం వాడికి నేర్పిన జాగ్రత్త అది.

తిరిగొచ్చాక, జగిత్యాల

వరంగల్ చేరిన మూడో రోజు కరీంనగర్ మీదుగా జగిత్యాల వెళ్లి సంచి అప్పజెప్పాను. అత్తమ్మ కంబళి విప్పి మళ్లీ అదే మడతల మీద మడిచింది. గదిలో ఎంతమంది ఉంటారు, మంచం మీదా కిందా పడుకునేది, ఏం తింటున్నాడు అని ఒక్కొక్కటే అడిగింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆరుగురని చెప్పాను, వాడిది పై మంచమని చెప్పాను, పప్పుచారు బాగుందని చెప్పాను.

“మళ్లెప్పుడు పోతరు అల్లుడా?” అంది.

“50 బస్తాలు చేరి డబ్బు వస్తే ఫిబ్రవరిలో అత్తమ్మా.”

లోపలికి వెళ్లి అప్పుడే సర్దడం మొదలుపెట్టింది. సకినాలు, అరిసెలు, ఎల్లిపాయ కారం, ఒక మసాలా పొట్లం. ఆ పొట్లం చేతిలోకి తీసుకుని ఇందులో గసగసాలు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది. ఎందుకు వద్దో చెప్పాను. ఆమె దాన్ని తీసి అటక మీద పెట్టి, “ఫిబ్రవరి వరకు గసాలు లేకుండ మళ్ల దంచుత” అంది.